మూసిన పెట్టెలో తాళం

తెలుగును యూనికోడులోనే రాస్తామని పట్టుబట్టిన పాతకాపులకు బహిరంగ ప్రమాణాల విలువ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగు ఉంది. అయినా ఆ తరువాత చాలా ఏళ్ళపాటు ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఖతిని పట్టుకు వేలాడింది. ఆ ఖతి లేనివాడికి పుట అంతా పిచ్చిగీతలే. "పద్మ" వంటి ఉపకరణాలు వచ్చి ఆ సొంత సంకేతాలను ఒక్కొక్కటిగా విప్పి యూనికోడులోకి మార్చవలసి వచ్చింది. అక్కడ మనం పోగొట్టుకున్నది చదువుకునే వీలు, వెతుక్కునే వీలు. అదే సొంత సంకేతాల అలవాటు పోలీసు రేడియోలోనో, కారు బ్రేకులోనో చేరితే పోయేవి వేరు.

కంప్యూటరు అనగానే మనకు తెర, మీటలు గుర్తొస్తాయి. కానీ ప్రపంచంలోని కంప్యూటర్లలో ఎక్కువ భాగం అలా కనబడవు. అవి రైలు సిగ్నలులో, ఆసుపత్రి మందు పంపులో, కారు ఎయిర్‌బ్యాగులో ఒదిగి ఉంటాయి. వీటిలో చాలావాటికి జవాబు సరైనదైతే చాలదు, అది వేళకు రావాలి. ప్రమాదం జరిగాక ఎయిర్‌బ్యాగు విప్పుకోవాలా వద్దా అన్నది కొన్ని పదుల మిల్లీసెకండ్లలో తేలిపోవాలి. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు అక్కడ తప్పు జవాబే. పైగా ఇవి ఒకసారి బిగిస్తే పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు అలాగే పనిచేస్తాయి. వాటి లోపల ఏముందో చూసే హక్కు కొన్నవాడికి తరచుగా ఉండదు.

దీనికి టెట్రా కథను మించిన ఉదాహరణ నాకు తోచదు. ఐరోపా టెలికం ప్రమాణాల సంస్థ ఎట్సీ 1995లో వెలువరించిన రేడియో ప్రమాణం అది. పోలీసులు, అంబులెన్సులు, విమానాశ్రయాలు దాన్ని వాడతాయి. మాటలకే కాదు, విద్యుత్ ఉపకేంద్రాలకూ రైలు మార్గాలకూ ఆదేశాలు పంపడానికీ వాడతారు. ప్రమాణంలో చాలా భాగం బహిరంగమే. మాటలను దాచే గుప్తలేఖన పద్ధతులు మాత్రం రహస్యం. ఎవరికీ చెప్పమని సంతకం పెట్టిన తయారీదారులకే ఇచ్చేవారు. 2023 జులైలో మిడ్‌నైట్ బ్లూ అనే నెదర్లాండ్స్ బృందం ఒక రేడియోను కొని, విప్పి, అందులోనుండి ఆ పద్ధతులను బయటికి లాగి లోకానికి చూపింది. టీఈఏ1 అనే పద్ధతి తాళంచెవి పొడవు 80 బిట్లని కాగితం మీద ఉంది. లోపల మాత్రం ఆ 80 బిట్లను 32 బిట్లకు కుదించే మెట్టు ఒకటి దాగి ఉంది. 80 బిట్లంటే, ఒకటి పక్కన ఇరవై నాలుగు సున్నాలు పెట్టినా దాటిపోయే సంఖ్య. 32 బిట్లంటే దాదాపు 429 కోట్లు. అన్ని చెవులనూ వరుసగా పెట్టి చూడడానికి నేటి మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఎందుకలా చేసారు? గుప్తలేఖనాల ఎగుమతిపై నాటి ఆంక్షల వల్లనేనని ఎట్సీ వివరణ. గట్టిదైన టీఈఏ2 ఐరోపా పోలీసులకు, సైన్యాలకు. టీఈఏ1 ఎగుమతికి వీలుగా, సాధారణ వాడుకకు. ఆంక్షలు ఉన్నాయన్నది నిజమే, ఒప్పుకుందాం. నా అభ్యంతరం మరొకటి. కొన్నవాళ్ళలో ఎందరికి తాము కొన్నది 32 బిట్ల తాళమని తెలుసు? బలహీనమైన తాళం అమ్మడం వ్యాపారం. దాన్ని బలమైనదని నమ్మించి అమ్మడానికి వేరే పేరుంది. పద్ధతి బహిరంగంగా ఉండి ఉంటే ఆ కుదింపును ఏ విద్యార్థో మొదటి ఏడాదిలోనే పట్టుకునేవాడు. పాతికేళ్ళకు పైగా అది బయటపడకపోవడం రహస్యం సాధించిన విజయం కాదు. బయటపెట్టకుండానే దాన్ని ఎవరు వాడుకున్నారో లెక్క చెప్పేవారే లేరు.

ఇదేమీ కొత్త జ్ఞానం కూడా కాదు. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం లేకుండా ఉండాలని, రహస్యం తాళంచెవిలోనే ఉండాలని ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే రాసాడు. ఆయన పుట్టిందీ నెదర్లాండ్స్‌లోనే కావడం చిన్న వినోదం. చివరికి 2023 నవంబరులో ఎట్సీ ఆ పద్ధతులను బహిరంగపరుస్తున్నట్టు ప్రకటించింది. అంతటితో అయిపోలేదు. టీఈఏ1 బలహీనత మీద బెంగ ఉన్నవారికి చెప్పిన ఉపాయాల్లో ఒకటి, ఆ చివరి నుండి ఈ చివరి వరకు మరో పొర గుప్తలేఖనం వేసుకోవడం. 2025లో అదే బృందం అలాంటి ఒక పొరను కూడా విప్పింది. అందులోనూ 128 బిట్ల చెవి 56 బిట్లకు కుదించి ఉంది!

అలాగని ప్రమాణం బహిరంగమైతే చాలు, భద్రత దానంతటదే వస్తుందనే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. కార్లలోని భాగాలు మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని చూడండి. బాష్ సంస్థ 1986లో ప్రకటించింది, తరువాత అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎవరైనా చదువుకోవచ్చు. ఎంతో అందమైన రూపకల్పన కూడా: ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే ముఖ్యమైన సందేశం ఆగకుండా సాగిపోతుంది, రెండోది తనంతట తానే తగ్గుతుంది. కానీ సందేశంలో విషయం పేరే తప్ప పంపినవాడి పేరుండదు. తీగ మీదికి ఎక్కినవాడు ఏం చెప్పినా చెల్లుతుంది. 2015లో ఛార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు పాటలు వినిపించే పెట్టెలోకి మొబైలు నెట్‌వర్కు ద్వారా దూరి, దాన్నుండి ఈ తీగకెక్కి, రహదారి మీద పోతున్న జీపును నిస్సత్తువ చేసి చూపారు. తయారీదారు 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. సందేశానికి సంతకం చేర్చవచ్చు కదా అంటే, పాత క్యాన్‌లో ఒక సందేశానికి దక్కేది ఎనిమిది బైట్లే. సంతకమెక్కడ పెట్టాలి, సమాచారమెక్కడ పెట్టాలి, సరిచూడడానికి పట్టే వేళ ఎక్కడినుండి తేవాలి? ఇక్కడ లోపం అందరికీ కనబడింది కాబట్టే సంతకాన్ని కత్తిరించి ఇరికించే పద్ధతులపై బహిరంగంగా పని జరిగింది. తెరిచి ఉండడం వల్ల రోగం రాకుండా పోదు, దాచిపెట్టడం మాత్రం కుదరదు.

బహిరంగ మూలంలోనూ తప్పులు దాక్కుంటాయి. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ రెండేళ్ళు అందరి కళ్ళముందే ఉంది. కానీ అది తెలిసాక ఎవరి యంత్రంలో ఉందో వారే చూసుకోగలిగారు. 2019లో వీఎక్స్‌వర్క్స్ అనే యంత్రవ్యవస్థలో పదకొండు లోపాలు దొరికినప్పుడు ఆ సుఖం లేదు. లోపాలున్న ఐపీనెట్ భాగాన్ని దాని తొలి యజమాని పూర్వం వేరే వ్యవస్థలకూ అమ్మి ఉన్నాడు. ఏ వైద్య పరికరం కడుపులో అది ఉందో ఆసుపత్రులు తయారీదారులను అడిగి తెలుసుకోవలసి వచ్చింది. వేళ తప్పని పనులకు బహిరంగ మూలాలు పనికిరావనే పాత వాదన కూడా ఇక నిలవదు. రెండు దశాబ్దాలు బయట పెరిగిన నిజకాల సదుపాయం 2024లో లైనక్సు ప్రధాన శాఖలో కలిసింది.

ఇప్పుడు మన గోడ మీదికి వద్దాం. కొత్త స్మార్ట్ మీటర్లు ఎలా మాట్లాడాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 15959 చెబుతుంది, ఎవరైనా తెచ్చుకుని చదవవచ్చు. ఇది మంచి పని, మెచ్చుకోవాలి. అయితే ఆ మీటర్లో దూరం నుండే కరెంటు ఆపగల స్విచ్చి ఉంటుంది, దాన్ని నడిపే ప్రోగ్రాము మాత్రం తయారీదారు సొత్తు. బిల్లు ఎక్కువ వస్తోందా తక్కువ వస్తోందా అన్నదాని మీదే తగువులన్నీ నడుస్తున్నాయి. లక్షల ఇళ్ళ స్విచ్చిని ఒక్క ఆదేశంతో ఆపగల చెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్ళకు మారుతుంది, ఆ ప్రోగ్రామును తయారీదారు కాక మరెవరు చదివారు? ఈ మూడింటికీ జవాబును టెండరు పత్రంలోనే రాయాలని, ఆ పత్రాన్ని జనం చదివే చోట పెట్టాలని విద్యుత్ నియంత్రణ మండళ్ళ బహిరంగ విచారణల్లో ఎవరైనా అడగవచ్చు.