విద్యార్థులు – శాస్త్రరచన

మన పాఠశాలలలో ప్రకృతిశాస్త్రమును చదువువారు పెక్కండ్రు. దానిని తమ మాటలలో వ్రాయువారు అరుదు. వల్లెవేసిన నోట్సును పరీక్షాపత్రమున దింపుట రచన కాదని నా యభిప్రాయము.

మైకేల్ ఫారడే కమ్మరివాని కుమారుడు. లండను నగరమున పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుచు, 1812వ సంవత్సరమున హంఫ్రీ డేవీగారి రసాయనశాస్త్రోపన్యాసములను నాల్గింటిని వినెను. వానిని పటములతో సహా వ్రాసి, తానే బైండు చేసి, డేవీగారికి పంపెను. మరుసటి యేట రాయల్ ఇన్‌స్టిట్యూషనులో వారికి సహాయకుడయ్యెను. కళాశాల మెట్టెక్కని యా యువకునికి ఆ వ్రాతయే యోగ్యతాపత్రమాయెను.

మనకు విషయములు దూరమున లేవు. వేసవిలో కూజానీరు చల్లబడుటేల? మట్టి రంధ్రములగుండ ఊరిన నీరు ఆవిరియగుచు లోని వేడిమిని హరించును. ఇంతవరకు పుస్తకముననే యున్నది. కూజాలోను, ఇత్తడిచెంబులోను ఉష్ణమాపకముంచి, మూడుపూటలు అంకెలు గుర్తించి, గాలిలో చెమ్మ హెచ్చిన వానదినమున ఆ భేదమెంత తగ్గెనో చూచి వ్రాయుడు. అది మీ సొత్తు. ఇంటిలోని అవ్వకు బోధపడునట్లు తెలుగున వ్రాయుడు. "ఇవాపరేషన్" అని వ్రాసి దాటిపోయినవాని జ్ఞానమెంతయో అవ్వ యడుగు రెండవ ప్రశ్నకే తేలిపోవును!

తప్పులు దొర్లునని ఉపాధ్యాయులు వెరువనేల? ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకంటె, కొలత మరల తీయుమనుట మేలు. ఈ సంచికలో పద్యములకు పుటలు దొరకుచున్నవి. కూజాకు ఒక్క పుట దొరకదా?