కత్తిపీటకి సాన పట్టే యంత్రం: ఏది కొనాలి, ఎందుకు?

అల్ఫారెట్టాలో మన వంటింటికి కావలసినవి దాదాపు అన్నీ దొరుకుతున్నాయి. గోంగూర దొరుకుతోంది, లేత దొండకాయలు దొరుకుతున్నాయి, వేసవిలో ఆవకాయకి పుల్ల మామిడికాయలు కూడా ఇండియన్ షాపుల్లోకి వస్తున్నాయి. దొరకనిదల్లా వాటిని తరిగే కత్తికి సాన పట్టే మనిషి. మన ఊళ్ళలో సైకిలుకి స్టాండు వేసి, పెడలు తొక్కుతూ, నిప్పురవ్వలు రాలుస్తూ సాన పట్టేవాళ్ళు ఇంటి ముందుకే వచ్చేవారు. ఇక్కడ ఆ పని మనమే చేసుకోవాలి, లేదా మొద్దు కత్తితో సర్దుకుపోవాలి.

చాలామందిమి సర్దుకుపోతున్నాం. "పదును లేకపోతేనే నయం, పిల్లలున్న ఇల్లు" అనే మాట నేను చాలా ఇళ్ళలో విన్నాను. కానీ భయపడాల్సింది మొద్దు కత్తికే. పదునైన కత్తి టమాటా తొక్క మీద ఆనించిన చోటే దిగుతుంది. మొద్దుది దిగకుండా జారుతుంది. జారుతోంది కదా అని మనం ఇంకా గట్టిగా నొక్కుతాం. ఆ బలమంతా చివరికి కాయ పట్టుకున్న వేలి మీద పడుతుంది. రోజూ నొక్కి నొక్కి తరిగితే మణికట్టు నొప్పి వేరే.

మరి ఏం చేయాలి? కత్తిని లాగితే చాలు అని అమ్మే చిన్న డబ్బాలు చవకే గానీ, అవి అంచుని సమంగా అరగదీయవు, గీరి చెక్కేస్తాయి. సానరాయి మంచిదే, చవకైనదే. కాకపోతే ఒకే కోణంలో చెయ్యి నిలవడానికి నెలల సాధన కావాలి. దుకాణాల్లో ఇచ్చి చేయించుకోవచ్చు. వాళ్ళు ఛెఫ్ నైఫ్ తీసుకుంటారు గానీ, కత్తిపీట తీసుకెళితే అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేస్తారు. ఇక మిగిలింది బెల్టు సాండర్.

బెల్టు సాండర్ అసలు చెక్క పని వాళ్ళ పనిముట్టు. రెండు మూడు చక్రాల మీద గరుకు కాగితం లాంటి బెల్టు గిర్రున తిరుగుతూ ఉంటుంది, దానికి ఆనించిన వస్తువు అరుగుతుంది. కత్తులు తయారు చేసేవాళ్ళు పెద్ద బెల్టు యంత్రాల మీదే పని చేస్తారు. మన ఇంటికి సరిపోయే ధరలో రెండు రకాలున్నాయి.

మొదటిది బల్ల మీద నిలబెట్టేది. బెల్టు అంగుళం వెడల్పు, 30 అంగుళాల చుట్టుకొలత. హార్బర్ ఫ్రైట్, వెన్ లాంటి కంపెనీలవి సాధారణంగా 100 డాలర్ల లోపే దొరుకుతాయి. రెండోది చేత్తో పట్టుకునేది, కత్తుల కోసమే చేసింది. వర్క్ షార్ప్ వాళ్ళ మార్క్ 2 యంత్రానికి అర అంగుళం వెడల్పు, 12 అంగుళాల బెల్టు, రెండు వేగాలు, కోణం తప్పకుండా 20, 25 డిగ్రీల గాడులు ఉంటాయి. అదే కంపెనీది కెన్ ఆనియన్ ఎడిషన్ అని ఇంకొకటి ఉంది. ఉల్లిపాయలు తరిగే యంత్రం అనుకోకండి, అది ఒక కత్తుల డిజైనర్ పేరు. దానికి ముప్పావు అంగుళం బెల్టు ఉంటుంది, వేగం మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు, కోణం 15 నుంచి 30 డిగ్రీల వరకు తిప్పుకోవచ్చు. ధర కూడా మార్క్ 2 కంటే బాగా ఎక్కువ.

షాపులో అమ్మే అబ్బాయి మోటారు బలం గురించి చెబుతాడు. మీరు అడగాల్సింది బలం కాదు, వేగం. బెల్టు నిమిషానికి ఎన్ని అడుగులు పరుగెడుతుందో చూడండి. డబ్బా మీద అది లేకపోతే లెక్క కట్టడం సులువు: మోటారు చక్రం వ్యాసం అంగుళాల్లో తీసుకుని 3.14తో, తర్వాత ఆర్‌పీఎమ్‌తో గుణించి 12తో భాగించండి. చక్రం మూడున్నర అంగుళాలు, మోటారు 3450 ఆర్‌పీఎమ్ అయితే సుమారు 3,160 అడుగులు వస్తుంది. అంటే గంటకు 36 మైళ్ళు, మన వీధుల్లో కారు వెళ్ళే వేగం. బల్ల మీది చవక యంత్రాలు చాలావరకు ఈ దరిదాపుల్లోనే ఒకే వేగంతో తిరుగుతాయి. కెన్ ఆనియన్ రకంలో 1,200 నుంచి 2,800 దాకా మార్చుకోవచ్చు.

వేగంతో అంత పట్టింపు ఎందుకంటే, రాపిడిలో వేడి పుడుతుంది, కత్తి అంచేమో కాగితం కంటే పలచన. ఆ వేడి పోవడానికి అక్కడ లోహమే ఉండదు. కత్తి ఉక్కుని తయారీలో బాగా కాల్చి చప్పున చల్లారుస్తారు. అప్పుడు గట్టిపడుతుంది గానీ గాజులా పెళుసుగా ఉంటుంది. అందుకని మళ్ళీ తక్కువ వేడిలో, చాలా వంటింటి కత్తులకి 150 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ మధ్య, కాసేపు ఉంచుతారు. దీన్నే టెంపరింగ్ అంటారు. ఆ తర్వాత ఎప్పుడైనా అంచు అంతకు మించి వేడెక్కితే ఉక్కు మెత్తబడిపోతుంది. మామూలు కార్బన్ ఉక్కు మీద అయితే 220 డిగ్రీల దగ్గర లేత పసుపు రంగు, 300 దగ్గర నీలం కనిపిస్తాయి. స్టెయిన్‌లెస్ మీద ఈ రంగులు ఇంకా ఎక్కువ వేడికి గానీ రావు. అంటే రంగు చూసి ఆపుదాం అనుకునే లోపే అంచు పాడైపోయి ఉంటుంది. అలాంటి కత్తి పట్టిన రోజున బాగానే తెగుతుంది, నాలుగు రోజుల్లో మళ్ళీ మొద్దు. ఆ మెత్తబడిన భాగం మొత్తం అరగదీసి పారేస్తే తప్ప బాగుపడదు.

ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది తగిలించి చవక యంత్రం వేగం తగ్గించుకోలేమా అని మా ఆయన అడిగారు. ఆ యంత్రాల్లో చాలావరకు ఉండేది ఇండక్షన్ మోటారు. దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీతో, ఇక్కడైతే 60 హెర్ట్జ్‌తో, ముడిపడి ఉంటుంది. రెగ్యులేటర్ పెడితే వేగం సరిగ్గా తగ్గదు, మోటారు వేడెక్కి కాలిపోవచ్చు. ఇంకో మాట: ఇక్కడి యంత్రాలు 120 వోల్టులవి. ఇండియాలో అమ్మకి పంపుదామని మాత్రం కొనకండి.

ఇక మా ఇంట్లో కత్తిపీట సంగతి. అది మా అమ్మమ్మది. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పాత చీరలో చుట్టి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టి తెచ్చింది. పనసపొట్టు కొట్టినా, గోరుచిక్కుడుకాయలు తరిగినా అమ్మకి అదే ఉండాలి. ఒకప్పుడు అరచేయంత వెడల్పు ఉండేదట, ఇప్పుడు రెండు వేళ్ళంత మిగిలింది. యాభై ఏళ్ళుగా సాన పట్టిన ప్రతిసారీ కాస్త కాస్త పోయింది. సాన పట్టడమంటే లోహాన్ని తీసేయడమే మరి. మిగిలిన రెండు వేళ్ళ ఉక్కు మా అమ్మాయి కాలం దాకా ఉండాలంటే, ఎంత తొందరగా పదునెక్కిందన్నది కాదు, ఎంత తక్కువ అరిగిందన్నది చూసుకోవాలి. 3,000 అడుగుల వేగంతో తిరిగే 80 గ్రిట్ బెల్టు మీద ఒక్క నిమిషం ఆదమరిచినా ఏళ్ళ తరబడి అరగాల్సింది అప్పుడే అరిగిపోతుంది.

పైగా కత్తిపీటకి పీట ఉంది! బల్ల మీద నిలబెట్టిన యంత్రానికి ఆనించబోతే పీట అడ్డం వస్తుంది. వంపు తిరిగిన అంచు మీద చదునైన సానరాయిని సరిగ్గా ఆనించడమూ కష్టమే. కత్తిని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళలేనప్పుడు యంత్రాన్నే కత్తి దగ్గరికి తేవాలి. చేతిలో పట్టుకునే రకం ఇక్కడే గెలిచింది. గాడులున్న భాగం ఊడదీస్తే బెల్టు మాత్రమే మిగులుతుంది. పీటని బల్లకి రెండు క్లాంపులతో బిగించి, యంత్రాన్ని అంచు వెంబడి మెల్లగా నడిపించవచ్చు. మీ ఇంట్లో కత్తిపీట లేకపోతే, ఉన్నవి నాలుగు చాకులే అయితే, బల్ల మీది రకం తీసుకున్నా నష్టం లేదు. దానికి సరిపోయే బెల్టులు చాలా కంపెనీలవి, చాలా రకాలు చవకగా దొరుకుతాయి. కాకపోతే చెయ్యి తేలిగ్గా ఉండాలి.

ఏది కొన్నా బెల్టుల ఖర్చు విడిగా వేసుకోండి. చెక్క కోసం చేసిన యంత్రంతో వచ్చేవి తరచుగా 80, 120 గ్రిట్ లాంటి గరుకువి. అవి విరిగిన అంచు సరిచేయడానికే. రోజువారీ పదునుకి 400, ఆ పైన 800 లేదా 1000, చివర్లో నునుపు చేయడానికి తోలు బెల్టు, ఈ మూడూ చాలు. కొనేటప్పుడు అంకె ముందు 'పి' అక్షరం ఉందో లేదో చూడండి. 'పి' ఉంటే యూరప్ కొలత. పి400లో రేణువు సుమారు 35 మైక్రాన్లు, అమెరికా కొలతలో 400 అంటే సుమారు 23. అంకె ఒకటే అయినా గరుకు ఒకటి కాదు.

పట్టే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ముందు అంచు పొడవునా పర్మనెంట్ మార్కర్‌తో రంగు పూయండి. బెల్టుని ఒక్కసారి ఆనించి తీస్తే రంగు ఎక్కడ పోయిందో కనిపిస్తుంది. అంచు దాకా పోతే కోణం సరిపోయినట్టు. పైన మాత్రమే పోతే కత్తిని కాస్త ఎత్తాలి. కూరగాయల చాకుకి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు, చికెన్ కోసేదానికి 20, మామిడికాయని టెంకతో సహా కొట్టే బరువు కత్తికి 25. మరీ సన్నగా పెడితే టెంక తగిలి అంచు పెచ్చులూడుతుంది. కొలవడానికి ఏమీ లేకపోతే కాగితం మూలని సగానికి, మళ్ళీ సగానికి మడవండి. 22.5 డిగ్రీలు వస్తుంది, అందులో కాస్త తగ్గిస్తే 20.

బెల్టు ఎప్పుడూ కత్తి వీపు వైపు నుంచి అంచు వైపుకి పరుగెత్తాలి. ఎదురుగా పెడితే అంచు బెల్టులో దిగబడుతుంది. నొక్కవద్దు, కత్తి బరువు చాలు. ఆపకుండా ఒకే వేగంతో లాగండి, రెండు మూడు లాగులకి ఒకసారి నీళ్ళలో ముంచండి. చేతికి గ్లవ్స్ వద్దు, వేడి మన వేళ్ళకి తెలియాలి. ఒక వైపు పని అయ్యేసరికి అవతలి వైపు అంచు పొడవునా సన్నటి లోహపు పొర లేస్తుంది. దీన్ని బర్ అంటారు. వేలిని వీపు నుంచి అంచు బయటికి అడ్డంగా రాస్తే గరుకుగా తగులుతుంది. అది వచ్చిందంటే ఇక ఆ వైపు చాలు. రెండో వైపు పట్టి, తర్వాత తోలు బెల్టు మీద ఆ పొర పోగొట్టాలి. మళ్ళీ మొద్దుబారినప్పుడు ముందు తోలు బెల్టే ప్రయత్నించండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది.

జాగ్రత్తలు యంత్రంతో ఇచ్చే పుస్తకంలో ఉంటాయి గానీ, అది మన కోసం రాసింది కాదు. చున్నీ తీసేయండి. జడ ముడి వేసుకోండి. గాజులు, మెడలో వేలాడే సూత్రాలు, నల్లపూసలు కూడా తీసి పక్కన పెట్టండి లేదా జాకెట్టు లోపలికి గట్టిగా దోపండి. కళ్ళకి అద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. గరాజ్‌లో చేసేటట్టయితే తలుపు పైకెత్తి, లాన్ మోవర్ గ్యాస్ క్యాన్, గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న మూలకి దూరంగా కూర్చోండి. చెక్కపొట్టు ఉన్నచోట ఉక్కు నిప్పురవ్వలు పడనివ్వకండి. పిల్లలు ఇంట్లోనే ఉండాలి.

బ్రెడ్ కోసే పళ్ళ కత్తి, సిరామిక్ కత్తి ఈ బెల్టుల మీద పెట్టకండి. మిక్సీ బ్లేడ్లు కూడా వద్దు. రెండు రెక్కల బరువులో తేడా వస్తే ఆ వేగంలో జార్ అదిరిపోతుంది, అడుగున బుష్ పాడవుతుంది.

నేను చివరికి వేగం మార్చుకునే చేతి యంత్రమే తీసుకున్నాను. కత్తిపీట లేకపోతే తక్కువ ధర దానితోనే ఆగేదాన్ని. రెండు నెలలకోసారి నలుగురు స్నేహితులం కలిసి మా గరాజ్‌లో అందరి కత్తులూ పడుతున్నాం. నలుగురూ పంచుకుంటే ఖరీదైన యంత్రం కూడా చవకే.

పని అయ్యాక రెండు పనులు మరవకండి. ఇక్కడి వేసవి తేమకి కార్బన్ ఉక్కు రాత్రికి రాత్రి తుప్పు పడుతుంది. కత్తిపీటని కడిగి, తుడిచి, రెండు చుక్కల వంటనూనె రాయండి. రెండోది, కత్తికి సాన పట్టామని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మకో అత్తగారికో చెప్పండి. ఇన్నాళ్ళూ మొద్దు కత్తికి అలవాటైన చెయ్యి పాత బలంతోనే నొక్కుతుంది. మొదటి రోజు బెండకాయలు మీరే తరగండి.