జేబులోని రాయి



రాళ్లు ఏరుకొనుట మాకు చిన్ననాటి అలవాటు. కృష్ణ ఒడ్డున నున్నని గులకరాయి కనబడితే చాలు, జేబు బరువెక్కేది. నలభై దాటినా, సంఘకాపరులమైనా ఆ అలవాటు పోలేదు. గత సంవత్సరము అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో ఉంటున్న మా తమ్ముని యింటికి దంపతులము వెళ్లాము. "అన్నయ్యా, నీ రాళ్ల పిచ్చికి తగిన చోటు చూపిస్తాను" అని తమ్ముడు కారెక్కించాడు. ఫీనిక్సు నుండి కొన్ని గంటల ప్రయాణము. ఆ చోటు పేరు పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కు.

పేరుకు అడవి. చెట్టు లేదు, నీడ లేదు. ఎర్రని ఎడారి నేల మీద పెద్ద పెద్ద మానులు రంపముతో కోసినట్లు ముక్కలై పడి ఉన్నవి. చేయి వేసి చూస్తే కర్ర కాదు, రాయి! సుమారు 21 కోట్ల సంవత్సరముల క్రిందట నదులలో కొట్టుకొనివచ్చిన చెట్లు మట్టిలో పూడిపోయినవని, అగ్నిపర్వతముల బూడిదలోని సిలికా నీటిలో కరిగి ఆ కర్రలోనికి దిగి స్ఫటికముగా మారినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇనుము వలన ఎరుపు, పసుపు రంగులు వచ్చినవట. కోసినది రంపము కాదు. స్ఫటికము పెళుసు గనుక నేల పైకి లేచినప్పుడు తనంతట తానే విరిగినది.

క్రిస్టల్ ఫారెస్ట్ అనే కాలిబాట మైలు కూడా ఉండదు. ఒకప్పుడు అక్కడి మానుల గర్భములో ఊదారంగు అమెథిస్టు స్ఫటికములుండేవట. వాటి కోసము మనుష్యులు డైనమైటు పెట్టి మానులనే పేల్చివేశారు. ఈ దోపిడీ చూసి స్థానికులు మొర పెట్టుకొనగా, 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఆ స్థలమును రక్షిత ప్రదేశముగా ప్రకటించాడు. 1962లో అది జాతీయ పార్కు అయినది. అక్కడి రాయి ఏదియు తీసుకొనరాదని బోర్డులున్నవి. మేము వాటిని చదివాము కూడా.

అయినను ఆ బాటలో వంగినప్పుడు బొటనవ్రేలంత ముక్క ఒకటి చేతికి వచ్చింది. ఎరుపు, నడుమ తెల్లని గీత. ఆలోచించి చేసిన పని అని చెప్పలేము, ఆలోచించక చేసినదనీ చెప్పలేము. జేబులో వేసుకొన్నాము. ఇన్ని వేల రాళ్లలో ఒకటి పోతే ఏమి!

నాలుగు అడుగులు వేశామో లేదో, వెనుక నుండి తమ్ముని కొడుకు, తొమ్మిదేండ్లవాడు, మెల్లగా అడిగాడు: "పెదనాన్నా, అది ఇక్కడిదే కదా?"

పులపీట మీద నిలువబడినప్పుడు కూడా మా నోరు అంతగా ఎండలేదు. మా ఆవిడ అటువైపు తిరిగి కొండలు చూస్తున్నది (నవ్వు దాచుకొనుటకేనని తరువాత ఒప్పుకొన్నది). వెనుకకు నడిచాము. ఆ ముక్క కూర్చున్న గుంట మట్టిలో ఇంకా చెరగలేదు. చిగురులో పన్ను వలె అది తిరిగి సరిగా కూర్చున్నది.

బయటికి వచ్చే దారిలో మ్యూజియము వద్ద ఒక రేంజరమ్మ చెప్పిన సంగతి విన్నప్పుడు ఆ గుంట విలువ తెలిసినది. రాళ్లు తీసుకొనిపోయిన వారు ఏండ్ల తరువాత వాటిని పోస్టులో తిప్పి పంపుతుంటారట, క్షమాపణ ఉత్తరముతో సహా. ఉద్యోగము పోయినదని, సంసారము చెదిరినదని, ఇదంతా ఆ రాతి శాపమేనని కొందరు వ్రాస్తారు. శాపము మాట మేము నమ్మము. మనస్సాక్షి మాట నమ్ముతాము. అయితే వచ్చిన రాళ్లను మరల నేల మీద వేయరు. ఏది ఎక్కడిదో తెలియక వేస్తే, ఆ చోటును పరిశోధించేవారు పొరబడుదురు. అందుకని ఒక ప్రక్కన కుప్పగా పోస్తారు. దానిని మనస్సాక్షి కుప్ప అంటారు.

ఇంటికి వచ్చాక చదివిన మరియొక సంగతి మమ్మును ఇంకా కలవరపెట్టింది. రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో కలిసి ఆ పార్కు బాటలలో గుర్తు పెట్టిన ముక్కలు వేసి, బోర్డులు మార్చి మార్చి పెట్టి పరీక్షించాడు. "చాలామంది తీసుకొనిపోయారు" అని బాధపడే బోర్డు పెట్టినప్పుడు నూటికి దాదాపు 8 ముక్కలు పోయినవి. "దయచేసి తీసుకొనవద్దు" అని మాత్రము చెప్పినప్పుడు 2 కూడా పోలేదు. ఆ ఫలితము 2006లో అచ్చయినది. "ఈ కాలపు పిల్లలందరూ ఇంతే" అని మేము ఎన్ని ఆదివారములు ప్రసంగించామో లెక్కలేదు. ఆ మాట విన్న పిల్లలు ఏమి నేర్చుకొన్నారో!

రాళ్లు ఏరుట అక్కడ పూర్తిగా నిషేధమని అనుకొనవద్దు. పార్కు వెలుపల ప్రభుత్వ భూములు కొన్నింటిలో, సొంతానికి, మనిషికి రోజుకు 25 పౌన్లు, దానిపైన ఒక ముక్క, సంవత్సరమునకు 250 పౌన్లు మించకుండా తీసుకొనవచ్చును. ప్రైవేటు నేలలో త్రవ్వినవి దగ్గరలోని హోల్‌బ్రూక్ ఊరి దుకాణములలో అమ్ముతారు. అక్కడే మేము ఒకటి కొన్నాము. ఇప్పుడది మా బల్ల మీద ఉన్నది. ఎవరైనా దానిని చేతిలోకి తీసుకొంటే చాలు, అడుగకముందే మా ఆవిడ సొరుగు తెరచి రసీదు చూపిస్తున్నది.