మాటు వేయించాలా, మార్చేయాలా?



మా ఇంటి కాఫీ ఫిల్టరు పాడైన సంగతి మీలో చాలామందికి ఈపాటికే తెలిసిపోయింది. అప్పటినుంచి సలహాలకు కొదవ లేదు. "అయ్యగారూ, కరెంటు మిషను ఒకటి తెప్పించుకోండి" అని కొందరు. "ఆదోనికి తీసుకుపోయి మాటు వేయించండి, ఇత్తడిది ఎవరైనా పారేస్తారా" అని పెద్దవాళ్ళు. "ఇంత చిన్నదానికి ఇంత ఆలోచన ఎందుకు, ప్యాకెట్ పొడి కలుపుకుంటే సరిపోదా" అని పిల్లలు. వస్తువు చిన్నదే. కానీ ఈ మూడు సలహాల వెనక మూడు రకాల బతుకు లెక్కలున్నాయి. ఫ్రిజ్జు పాడైనా, స్ప్రేయరు పాడైనా, ఫోను పాడైనా మన ఇళ్ళల్లో ఇదే వాదన నడుస్తుంది. అందుకే మా అభిప్రాయం నాలుగు మాటల్లో చెప్పాలనుకున్నాం.

ముందే చెప్పేస్తాం. బాగుచేయగలిగిన వస్తువును మార్చకూడదు. బాగుచేసినా మనకు కీడు చేసే వస్తువును ప్రేమ పేరుతో ఉంచుకోకూడదు. మన చేతిలో ఉన్నది ఈ రెండింటిలో ఏదో తెలియాలంటే దాన్ని తిప్పి చూడాలి, తెలిసినవాళ్ళకు చూపించాలి. చూడకుండానే పారేయడం ఎలాంటిదో, చూడకుండానే దాచుకోవడం కూడా అలాంటిదే.

మన ఊళ్ళలో టీ తాగేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఫిల్టరు సంగతి కాస్త చెప్పాలి. అవి రెండు గిన్నెలు, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పైగిన్నె అడుగున సన్నని చిల్లులుంటాయి. అందులో కాఫీ పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్ళు పోసి మూత పెడతారు. నీళ్ళు పొడిలోంచి దిగి కిందిగిన్నెలో చిక్కటి డికాషన్ అవుతాయి. కరెంటు లేదు, తిరిగే భాగం లేదు. చేసే పనంతా భూమి ఆకర్షణదే, మనది ఓపిక మాత్రమే. పొడిలో చికోరీ కలిస్తే డికాషన్ ఇంకా నెమ్మదిగా, ఇంకా చిక్కగా దిగుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ వైపు చుట్టరికాలున్న ఇళ్ళల్లో ఫిల్టరు కనబడితే ఆశ్చర్యం లేదు. మా ఇంటికి అది అమ్మగారితో పాటు, ఆమె పుట్టింటి సామానులో వచ్చింది.

పాడైంది పైగిన్నె. ఏళ్ళ తరబడి తోమీ తోమీ అడుగు పళ్ళెం పలచబడింది, చిల్లులు పెద్దవయ్యాయి, అంచు దగ్గర ఒక చీలిక వచ్చింది. నీళ్ళు పోస్తే పొడితో సహా కిందికి దిగిపోతున్నాయి.

వస్తువును ప్రేమించడం తప్పేమీ కాదు. మనం ఆ ఇత్తడిని ప్రేమించడం లేదు. దానితో కాఫీ పోసిన చేతుల్ని, ఆ కాఫీ తాగి తమ కష్టం చెప్పుకుని వెళ్ళిన మనుషుల్ని తలుచుకుంటున్నాం. ఇది మన దేశంలోనే కాదు. ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి పేరు మీద 1933లో మోకా పాట్ అనే కాఫీ పాత్ర వచ్చింది. దాన్ని ఇటలీలో ఇంటింటికీ చేర్చినవాడు అతని కొడుకు రెనాటో. రెనాటో 2016లో చనిపోయినప్పుడు అతని బూడిదను మోకా పాట్ ఆకారంలో ఉన్న పాత్రలోనే ఉంచి అంత్యక్రియలు జరిపారు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ ఒక పాత్ర ఒక మనిషి బతుకులో ఎంతగా కలిసిపోతుందో దానివల్ల తెలుస్తుంది.

ఆ పాత్రలో మనం నేర్చుకోవలసింది మరొకటుంది. దాని మధ్యలో ఒక రబ్బరు వాషరుంటుంది. అది గట్టిపడితే వాషరు ఒక్కటే మారుస్తారు, పాత్ర అలాగే ఉంటుంది. ఇది మనకు కొత్త సంగతా? మన ఇళ్ళల్లో కుక్కర్ రబ్బరు వదులైతే కుక్కరును పారేసే ఇల్లాలు ఒక్కరైనా ఉన్నారా? సంతలో రబ్బరు తెచ్చి వేసుకుంటాం. చేసినవాడు ముందే ఆలోచించి, అరిగే భాగాన్ని విడిగా పెట్టాడు కాబట్టి అది సాధ్యమైంది.

మన పడమటి కర్నూలు సీమకు బాగుచేసుకోవడం ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. మన కైరుప్పల పేరు చెబితే బయటివాళ్ళు ఉగాది మరునాటి పిడకల సమరమే అంటారు. ఆ పండుగ మాట అటుంచండి. అసలు పిడక అంటే ఏమిటి? ఇంకొకరు ముక్కు మూసుకుని దాటిపోయేదాన్ని మన ఆడవాళ్ళు చేత్తో తట్టి, ఎండబెట్టి, పొయ్యికి ఇంధనం చేశారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతకారుల సహకార సంఘం నిలబెట్టిన సంగతి మీకు తెలుసు. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు చీరను పారేయడు. మగ్గం ఆపి, తెగిన పోగును వెతికి, అతికి, మళ్ళీ నేస్తాడు. తెగడం పనిలో భాగం, అతకడం కూడా పనిలో భాగమే.

ఒకప్పుడు "మాట్లు వేస్తాం, కళాయి పోస్తాం" అని వీధిలో కేక వినిపించేది. కళాయి పోయడం చూసినవాళ్ళు ఆ పని మరిచిపోరు. ఇత్తడి గిన్నెను బొగ్గుల మీద బాగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి, దూది ఉండతో లోపలంతా తిప్పి రాస్తారు. నల్లబడిన గిన్నె క్షణంలో వెండిలా మెరుస్తుంది. అది అలంకారం కాదు. పులుపు తగిలితే ఇత్తడిలోని రాగి తిండిలోకి దిగుతుంది, దాన్ని తగరపు పూత ఆపుతుంది. చదువుకోని పనివాడి చేతిలో అంత శాస్త్రం ఉంది.

ఆ కేక ఇప్పుడు ఎందుకు వినబడదు? మనం బద్ధకస్తులం అయ్యామని కొందరు ప్రసంగాల్లో తిడతారు. మేము అలా అనం. స్టీలు వచ్చింది, దానికి కళాయి అక్కరలేదు, అది మేలే. ప్లాస్టిక్ వచ్చింది, దానికి మాటు పడదు. కూలి మనిషి మాటు వేయించడానికి ఆదోనికి పోతే ఒక పూట కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, మాటు డబ్బు పోతుంది. కొత్తది కొంటే అంతకంటే తక్కువకే రావచ్చు. సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయే కుటుంబం మోసుకుపోయే మూటలో బరువైన ఇత్తడికి చోటెక్కడిది? పేదవాడు చవకది కొన్నాడని తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. తప్పుపట్టవలసింది విప్పడానికి వీలు లేకుండా వస్తువును అతికించి అమ్మేవాళ్ళను, విడిభాగం అడిగితే "కొత్తది తీసుకోండి" అనేవాళ్ళను.

ఇది మన ఒక్కరి గోడు కూడా కాదు. మన కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, ఆ ఏడాదే ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు అందులో ఉన్నాయి. యూరప్ దేశాలు 2024లో మరమ్మతు హక్కు మీద చట్టమే చేశాయి. కొన్న వస్తువు విషయంలో అన్యాయం జరిగితే ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది. ఆ నాలుగంకెలు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇక కరెంటు మిషను సలహా. ప్రేమతో చెప్పారు, వారికి కృతజ్ఞతలు. అందులో నీళ్ళు ఒక సన్నని గొట్టంలో వేడెక్కి, ఆవిరి బుడగల తోపుకు పైకెక్కి పొడి మీద పడతాయి. మన బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పనక్కరలేదు. కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఆ సున్నం సన్నని గొట్టంలో పేరుకుంటే మిషను మూలుగుతుంది, తర్వాత ఆగిపోతుంది. మంచినీళ్ళు పోసి, అప్పుడప్పుడు నిమ్మ ఉప్పుతో శుభ్రం చేసుకునే ఇంట్లో అది మంచి వస్తువే. కానీ అది మన నీటికి, మన కరెంటుకు నప్పే వస్తువు కాదు. పక్కింటికి నప్పిందల్లా మనకు నప్పుతుందని నెల వాయిదాల మీద తెచ్చుకునే అలవాటు మన సంఘంలో పెరుగుతోంది. వాయిదాలు తీరకముందే వస్తువు పాడైతే, లేని వస్తువుకు డబ్బు కట్టడం ఎంత బరువో కట్టినవాళ్ళకే తెలుసు.

మరి పెద్దవాళ్ళు చెప్పినట్టు మాటు వేయిస్తే? మా మొదటి ఇష్టం అదే. పనివాడికి చూపించాం. "పళ్ళెం పలచబడింది అయ్యా, వేస్తే వేస్తాను గానీ నిలవదు" అని ఉన్నమాట చెప్పాడు. బేరం పోతుందని తెలిసీ నిజం చెప్పిన మనిషి అతను. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అతుకు పెట్టడానికి మామూలుగా వాడేది సీసం కలిసిన తగరం. కరెంటు తీగలకైతే ఫరవాలేదు. కానీ రోజూ మరిగే నీళ్ళు, కాస్త పులుపున్న డికాషన్ ఆ అతుకు మీదుగా దిగితే సీసం కడుపులోకి పోయే ప్రమాదముంది. సీసం ఇంతవరకైతే హాని లేదు అని చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఎదిగే పిల్లల మెదడుకు అది మరీ చెరుపు. తిండి గిన్నెకు మాటు వేయించేవాళ్ళు సీసం లేని తగరమేనా అని అడిగి మరీ వేయించండి. జవాబు సరిగా రాకపోతే వేయించవద్దు.

కాబట్టి మేము కొత్త ఫిల్టరు కొన్నాం. స్టీలుది, మామూలుది, కరెంటు లేనిది. ఎక్కడా అతుకు మందు లేదు, పైగిన్నె ఒక్కటి పాడైతే విడిగా దొరికే రకం. పాత ఇత్తడిని పాత సామాన్ల వాళ్ళకు తూకానికి ఇచ్చాం. ఇత్తడి కరిగి మళ్ళీ ఏదో ఒకటి అవుతుంది, మట్టిలో పడి వ్యర్థం కాదు. దాన్ని ఎవరైనా పేదింటికి ఇవ్వవచ్చు కదా అని ఒకరు అడిగారు. మనకు పనికిరానిది, మనకు హాని చేసేది పేదవాడికి ఇస్తే అది దానం అనిపించుకోదు.

వాక్యం చదివేవాళ్ళకు ఇక్కడ యిర్మీయా గుర్తుకు రావాలి. ఆ ఒక్క గ్రంథంలో మూడు చోట్ల ఇదే సంగతి మూడు రకాలుగా ఉంది. 18వ అధ్యాయంలో కుమ్మరి చేతిలో కుండ చెడిపోతుంది, అదే మట్టితో అతను ఇంకో కుండ చేస్తాడు. ఇది మనకు కంఠతా వచ్చిన భాగం. దాని పక్కనే 19వ అధ్యాయం ఉంది. అక్కడ కాలిన కూజా పగులుతుంది, దాన్ని మళ్ళీ బాగుచేయడం ఎవరివల్లా కాదు. మట్టి తడిగా ఉన్నప్పుడు జరిగేది కాలిన తర్వాత జరగదు. 38వ అధ్యాయం మూడోది. బురద గోతిలో ఉన్న ప్రవక్తను పైకి లాగడానికి ఎబెద్మెలెకు ఖజానా కింద పడి ఉన్న చింకి గుడ్డలు, పాత బట్టలు తెస్తాడు. తాడు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమంటాడు. కొన్నిటిని మళ్ళీ చేయాలి, కొన్నిటిని పోనివ్వాలి, కొన్నిటికి చివరి రోజుల్లో కొత్త పని దొరుకుతుంది. ఏది ఏదో తెలుసుకోవడమే వివేకం.

ఇలాంటి వ్యాసం చివర వస్తువును మనిషితో పోల్చడం మనవాళ్ళకు అలవాటు. మేము ఆ పోలిక చేయం. వస్తువుకు ఉన్న లెక్క మనిషికి లేదు. ఫిల్టరు నిలవదని తెలిస్తే మార్చవచ్చు. పని చేయలేని తండ్రిని, మతి తప్పిన అత్తను, తాగుడు మానలేని తమ్ముణ్ణి మార్చడం అంటూ ఉండదు. వాళ్ళ విషయంలో బాగుపడతారా లేదా అనేది మన బాధ్యతకు షరతు కాదు. ఈ రెండు లెక్కల్నీ ఎక్కడా కలపకండి.

చివరిగా మా మనవి. ఏదైనా కొనే ముందు మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని విప్పవచ్చా? అరిగే భాగం విడిగా దొరుకుతుందా? బాగుచేసే మనిషి మన ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉన్నాడా? మూడింటికీ లేదు అని వస్తే ధర ఎంత తక్కువైనా అది ఖరీదైన వస్తువే. అలాగే మన మధ్య కుట్టు మిషను బాగుచేసేవారు, మోటరు చుట్టేవారు, చెప్పులు కుట్టేవారు ఉన్నారు. వారికి పని ఇవ్వండి, బేరమాడి వారి కూలి తగ్గించకండి. వారి పిల్లలు కూడా ఆ పని నేర్చుకోవాలంటే దానిలో అన్నం ఉండాలి.

మీ ఇళ్ళల్లో మూలన పడి ఉన్న వస్తువును ఈ వారం ఒకసారి తిప్పి చూడండి. ప్రభువు మీ ఇంటిని, మీ చేతి పనిని ఆశీర్వదించును గాక.