అచ్చు ప్లానులో మన వంటిల్లు

పోయినవారం మా మరిది ఒక ప్లాను పట్టుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. అజిత్‌సింగ్‌నగర్‌లో మా అత్తగారి పాత డాబా పడగొట్టి, ఆ 150 గజాల్లో మూడంతస్తులు వేసి, అన్నదమ్ములు ముగ్గురూ తలో పోర్షనూ తీసుకుందామనుకుంటున్నారు లెండి.

"ఎవరు గీశారయ్యా?" అన్నాను.

"గీసేదేముంది వదినా! మా ఫ్రెండు పాయకాపురంలో కట్టిన ఇల్లే. పేరూ, కొలతలూ మార్పిస్తే సరి" అన్నాడు.

చూస్తే వంటిల్లు ఏడడుగులకి ఆరడుగులు. దాని కిటికీ డక్టులోకి. గిన్నెలు తోముకునే చోటు ఎక్కడా కనపడలేదు. అదే అడిగితే, "మీరు కథల్లో ఇళ్లు కట్టండి వదినా, ఇది నాకొదిలెయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన ఊళ్లలో రెండు మూడు పోర్షన్ల ఇళ్లు చాలా వరకు ఇలాగే లేస్తాయి. ఒకరింటి ప్లాను ఇంకొకరింటికి పోతుంది, అందులోని తప్పులతో సహా. ముందే ఆమోదించిన డిజైన్లు ప్రభుత్వమే ఇస్తే ఎలా ఉంటుందని ఎవరైనా అంటే, "అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి" అని మూతి విరుస్తాం. ఇప్పుడున్నవి మాత్రం అచ్చులు కావూ?

ఆస్ట్రేలియాలో సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2025 జులైలో ఇలాంటి డిజైన్ల పుస్తకం తెచ్చింది. పేరున్న ఆర్కిటెక్టులు గీసిన ప్లాను మొదటి ఆరు నెలలూ ఒక్క డాలరుకే ఇచ్చారు. నిబంధనలకి సరిపోయిన స్థలంలో ఆ ప్లానుతో కడితే పదిరోజుల్లో అనుమతి. కెనడా కూడా అదే ఏడాది నాలుగైదు కుటుంబాలుండే చిన్న ఇళ్లకి, ప్రాంతానికో తీరుగా, 50 దాకా డిజైన్లు తయారుచేసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైనికుల కుటుంబాలకి ఇళ్లు కావాల్సి వచ్చినప్పుడూ ఆ దేశం ఈ పనే చేసింది.

మన దగ్గర జరిగింది అనుమతుల వేగం పెంచడం. తెలంగాణలో 2020 చట్టంతో 75 గజాల లోపు స్థలంలో ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. మన రాష్ట్రంలోనూ స్వీయ ధృవీకరణ వచ్చింది. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గుతుంది. కానీ అనుమతి త్వరగా వచ్చినంత మాత్రాన ఆ వంటింట్లోకి గాలి రాదు కదా! పైగా మనకి కాగితం మీద ఒక ప్లాను, నేల మీద ఇంకో ప్లాను అలవాటు. 2007లో, 2015లో, 2019లో బీపీఎస్ అని పెట్టి, జరిమానా కట్టించుకుని డీవియేషన్లని సరిచేయాల్సి వచ్చింది. అసలు కట్టుకోదగ్గ ప్లానే ముందు చేతికిస్తే కొందరైనా దాన్ని దాటకుండా ఉంటారని నా ఆశ.

అందుకే నేను అచ్చు ప్లాన్లకే ఓటేస్తాను. కానీ నా షరతులు నాకున్నాయి.

గుడివాడ దగ్గర మల్లాయపాలెంలో 2023లో 8,912 టిడ్కో ఇళ్లు పంచారు. టిడ్కోవి 300, 365, 430 చదరపుటడుగుల్లో మూడే రకాలు. గోడలన్నీ కాంక్రీటు పోతవే, గట్టిగా ఉంటాయి. ఆ గట్టితనం వల్లే తర్వాత వంటగది గోడ కాస్త జరుపుదామన్నా, అలమర తొలుద్దామన్నా కుదరదు. బరువంతా ఆ గోడలే మోస్తాయి. అలాంటి చోట గీత గీసే రోజునే ఆడవాళ్లని అడిగి ఉండాల్సింది. గీత గీసేశాక అడిగేదేముంది?

రెండోది నేల. కొండవారగా మొగల్రాజపురంలో రాయి తగులుతుంది. ఊరు దాటి డెల్టాలోకి దిగితే నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. పైన ఇల్లు ఒకటే అయినా కింద పునాది ఒకటి కాకూడదు. పుస్తకంలో ప్లాను ఉచితంగా ఇచ్చినా మట్టి పరీక్షకి మాత్రం డబ్బు దాచుకోవాల్సిందే. వంటింటి గ్రానైటుకి వేలు పోసేవాళ్లం, దీనికి మాత్రం గీచి గీచి బేరమాడతాం!

ఇక నీళ్ల సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే అందరి చూపూ కృష్ణమ్మ మీదే. మా ఇంట్లోకొచ్చింది మాత్రం బుడమేరు. అత్తగారి మంచం, గ్రైండరు, బీరువాలో కింది అరలో పట్టుచీరలు, ఏడాదికి పెట్టుకున్న ఆవకాయ జాడీలు అన్నీ పోయాయి. ఆవిడ పక్కవాళ్ల మేడమీద మూడు రాత్రులు కూర్చుంది. కాబట్టి సింగ్‌నగర్‌కి ఇచ్చే ప్లానులో కింద బండ్లకే చోటుండాలి. కరెంటు మీటర్లు, మోటారు స్టార్టరు మొదటి అంతస్తు ఎత్తులో ఉండాలి. డాబా మెట్లు ఏ పోర్షను వాళ్లూ తాళం వేసుకునేవి కాకూడదు. ఎవరికి వాళ్లం బేస్‌మెంటు ఎత్తు పెంచుకుంటే ఆ నీళ్లు పక్కింట్లోకే పోతాయి మరి.

వాస్తు సంగతంటారా? నాకంత పట్టింపు లేదు. మా ఆయనకి లేదు కానీ వాళ్ల పెద్దమ్మకి ఉంది! ఆగ్నేయాన వంటిల్లు లేని ప్లాను ఊరికే ఇచ్చినా బెజవాడలో ఎవరూ తీసుకోరు. నాలుగు ముఖాలకీ నాలుగు ప్లాన్లు గీస్తే ఆ గొడవ తీరిపోతుంది. దానికోసం మంచి పనిని ఆపనక్కర్లేదు.

మర్నాడు పొద్దున హాల్లో టేబుల్ జరిపి, సుద్దముక్కతో ఏడడుగులకి ఆరడుగుల గది గీశాను. గట్టు, సింకు, గ్యాసు బండ, ఫ్రిజ్ అన్నీ కొలిచి గీసి అత్తగారిని పిలిచాను. ఆవిడ కత్తిపీట తెచ్చుకుని మధ్యలో కూర్చుంది. మా తోడికోడలు గట్టు దగ్గర నిలబడింది.

"నేనిక్కడ కూర్చుంటే నువ్వెక్కడుంటావే?" అంది అత్తగారు నన్ను చూసి.

నేను గీతకి అవతల ఉన్నాను. మా మరిది కాసేపు చూసి ఏమీ అనలేదు. టేపు తీసుకుని తనూ ఒకసారి కొలిచాడు. సోమవారం ఇంజనీరు దగ్గరికి వెళ్లేటప్పుడు నన్నూ రమ్మన్నాడు.