ఆన్‌లైన్ డిగ్రీ: కుర్చీలో కూర్చోవలసింది ఎవరు?

మొన్న వేసవి మొదట్లో మా కాలేజీ సీనియర్ ఒకాయన ఇంట్లో పొట్‌లక్‌కి వెళ్ళాం. భోజనాలయ్యాక మగవాళ్ళందరూ మామూలుగానే బేస్‌మెంట్‌లో చేరారు. ఇళ్ళ వడ్డీ రేట్లు, గ్రీన్ కార్డు, ఎవరి కంపెనీలో ఎంతమందిని తీసేశారు - ఈ మూడూ అయిపోయాక ఆయన నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, ఆన్‌లైన్‌లో ఇంకో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నా, ఏఐలో. ఏమంటావ్?" అన్నారు.

ఆయనకి ఇక్కడి ఎమ్మెస్ ఇప్పటికే ఉంది. పదిహేనేళ్ళ అనుభవం, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. ఈ ఏడాది నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్ళలో ఆయన నాలుగోవారు. నేనూ కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేశాను, కన్సల్టెంటుగా నాలుగైదు చోట్ల ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నాను కాబట్టి నాకు తెలుస్తుందనుకుంటారు. "మంచిదే కదన్నా, చేసెయ్యండి" అన్నాను. చేతిలో గులాబ్ జామూన్ గిన్నె ఉన్నప్పుడు అంతకన్నా లోతైన సమాధానం రాదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు చెప్పాననిపించింది. 

ముందు పాత భయం సంగతి. క్లాసుకి వెళ్ళకుండా చదివిన డిగ్రీ అంటే మన వైపు ఒక చిన్నచూపు ఉంది. సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయిది రెగ్యులరా, ఓపెనా?" అని ఆరా తీసే పెద్దమనుషులు నాకింకా గుర్తే. చిత్రమేమిటంటే దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే మొదలయింది. ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. అందరికన్నా ముందు మొదలుపెట్టిందీ మనమే, నమ్మనిదీ మనమే.

అమెరికాలో ఆ మచ్చ ఇంకాస్త ముదిరింది 2011 జనవరిలో, కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వ్యవహారం బయటపడినప్పుడు. అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన పిల్లలు. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు తగిలించిన ఫోటోలు మన పేపర్లన్నిట్లో వచ్చాయి. దాన్ని నడిపినావిడకి 2014లో పదహారున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. అక్కడ జరిగింది వీసాల వ్యాపారం, ఆన్‌లైన్ క్లాసులన్నది దానికి ముసుగు. కానీ మనవాళ్ళ మనసుల్లో రెండూ కలిసిపోయాయి.

అదే 2014 జనవరిలో జార్జియా టెక్ తన కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఏటీ అండ్ టీ డబ్బు సాయం చేసింది, ఉడాసిటీ వీడియోలు చేసిపెట్టింది. డిగ్రీ మొత్తానికి ఖర్చు ఏడు వేల డాలర్ల దరిదాపు. మొదటి బ్యాచ్‌లో నాలుగు వందలమంది కూడా లేరు, ఆ తర్వాత ఆ సంఖ్య పదివేలు దాటింది. పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు. తర్వాత టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో పదివేల డాలర్లకి మాస్టర్స్ పెట్టారు. ఇల్లినాయ్ వాళ్ళది ఇరవై వేల పైన. ఇలాంటి డిగ్రీల విషయంలో "దీనికి విలువ ఉంటుందా?" అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. ఉంటుంది.

అన్నీ ఇలాంటివే అనుకోకండి. పెద్ద పేరున్న యూనివర్సిటీల ఆన్‌లైన్ కోర్సులు కొన్నిటిని వెనకనుంచి నడిపేది బయటి కంపెనీలు. మీ ఫీజులో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ, వాళ్ళకే పోతుంది. అందులో పెద్దదైన 2యూ 2024 జులైలో దివాలా కోర్టుకెక్కింది. నా మట్టుకు ఒక కొండగుర్తు పెట్టుకున్నాను. వెబ్‌సైట్లో ఫోన్ నంబరు ఇచ్చిన పది నిమిషాల్లో "అడ్మిషన్స్ కౌన్సెలర్" ఫోన్ చేసి వారంపాటు వెంటపడితే, ఆ చదువు నాకు అక్కర్లేదు. నిజంగా గిరాకీ ఉన్న స్కూలుకి మన వెంట పడాల్సిన అవసరం లేదు.

డబ్బు సంగతి అంతే. అసలు ఖర్చు గంటలు.

పది కోర్సులు. కోర్సుకి వారానికి పదిహేను గంటలు వేసుకోండి, కొన్నిటికి పది చాలు, కొన్నిటికి ఇరవయ్యీ చాలవు. సెమిస్టరుకి పదిహేను వారాలు. మొత్తం 2,250 గంటలు. మనం ఏడాది పొడుగునా ఆఫీసులో పనిచేసేది సుమారు 2,000 గంటలు. అంటే జీతం లేకుండా ఇంకో ఏడాది పైచిలుకు ఉద్యోగం, అదీ రాత్రి తొమ్మిది తర్వాత, వారాంతాల్లో. ఏడాదికి మూడు కోర్సుల చొప్పున తీసుకుంటే మూడున్నరేళ్ళు నడుస్తుంది. ఈ గంటలు ఆఫీసు ఇవ్వదు, ఇంట్లోంచే రావాలి.

ఇది నేను చదివి చెప్పడం లేదు. ఆరేళ్ళ క్రితం నేనూ ఒక ఆన్‌లైన్ ఎంబీఏలో చేరాను. ఏ స్కూలో అనవసరం, వాళ్ళ తప్పేమీ లేదు. మా టీములో ఒకే శుక్రవారం ఇద్దర్ని పంపించేశారు. సోమవారానికల్లా నేను అప్లికేషన్ నింపేశాను. ఉద్యోగి చదువు కోసం కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే దాని మీద ఇన్‌కం టాక్స్ పడదు, అందుకని చాలా కంపెనీలు అంతవరకూ ఇస్తాయి. మా కంపెనీ కూడా ఇచ్చింది. ఫలానా కాలంలోపు ఉద్యోగం మానేస్తే తిరిగి కట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మూడు కోర్సులయ్యాక వేరే చోట మంచి ఉద్యోగం వచ్చింది. భయం పోయింది, దాంతోపాటే చదువూ పోయింది, తీసుకున్న డబ్బంతా తిరిగి కట్టాను. అది కాదు బాధ. మా పెద్దవాడు మొదటి అడుగు వేసిన సాయంత్రం నేను అదే గదిలో ఉన్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అకౌంటింగ్ క్విజ్ రాస్తూ. మా ఆవిడ రెండుసార్లు పిలిచిందిట. ఇప్పటికీ ఆ మాట ఎత్తదు, అదే ఇంకా ఇబ్బంది.

ఇంతకీ ఆ 2,250 గంటలకి మనం కొంటున్నది ఏమిటి? పాఠాలు కాదు. పాఠాలు ఉచితంగా దొరకడం మొదలై చాలాకాలమయింది. ఎమ్ఐటీ తన కోర్సుల్ని అందరికీ తెరుస్తానని 2001లోనే ప్రకటించింది. మన ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఉన్నాయి. జార్జియా టెక్ ఆన్‌లైన్ డిగ్రీ పాఠాలే చాలామటుకు ఎవరైనా చూడొచ్చు. కానీ ఉచితంగా మొదలుపెట్టినవాళ్ళలో ఎంతమంది పూర్తిచేస్తారు? 2011లో స్టాన్‌ఫర్డ్ ఏఐ కోర్సులో లక్షా అరవై వేలమంది చేరారు, ఆఖరిదాకా ఉన్నవాళ్ళు అందులో చిన్న వంతు. మనం డబ్బిచ్చి కొనేది గడువుల్ని, మన పని దిద్దే మనిషిని, చివర్లో ఒక పేరుని. మీకు ఆ మూడిట్లో ఏది కావాలో తెలిస్తే నిర్ణయం సగం అయిపోయినట్టే.

మా మేనమామ బడిపంతులు. రోజూ సాయంత్రం పిల్లలకి ట్యూషన్లు చెప్పి, రాత్రి లాంతరు ముందు చదివి, ప్రైవేటుగా ఎమ్మే కట్టాడు. ఎందుకంటే ఆ పట్టా ఉంటేనే పై ఉద్యోగానికి అర్హత. ఆయనకి ఏ తలుపు మూసి ఉందో, దాని తాళంచెవి ఏమిటో స్పష్టంగా తెలుసు. మా సీనియర్‌ని "ఈ డిగ్రీ వస్తే మీకు ఏం తెరుచుకుంటుందన్నా?" అని అడిగితే ఏం చెప్తారు? "ఏఐ వచ్చేసింది కదా" అంటారు. అది తలుపు కాదు, భయం.

కొంతమంది గ్రీన్ కార్డు తలుపు అనుకుంటారు. "ఇబి-3 నుంచి ఇబి-2కి మారొచ్చు కదా" అని. ఇబి-2 అన్నది ముఖ్యంగా ఉద్యోగానికి ఏ అర్హత కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది, మన గోడకి వేలాడే పట్టాల సంఖ్యని బట్టి కాదు. బ్యాచిలర్స్ మీద అయిదేళ్ళ అనుభవం ఉన్నా చాలు. పైగా ఇండియాలో పుట్టినవాళ్ళకి రెండు వరసలూ పదేళ్ళ పైన వెనకబడి ఉన్నాయి. పూర్తి ఆన్‌లైన్ డిగ్రీతో ఎఫ్-1 రాదు, ఓపీటీ రాదు. గల్ఫ్ దేశాల్లో ఉన్న పాఠకులు ఫీజు కట్టకముందే, పట్టా అటెస్టేషన్‌కి ఆన్‌లైన్ చదువు చెల్లుతుందా అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. 

ఇంటర్వ్యూ చేసేవాడిగా ఒక మాట ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ రెజ్యూమెలో చదువు గురించిన వరసని నేను దాదాపు ఎప్పుడూ చూడను. అది మూడో పేజీ అడుగున ఎక్కడో ఉంటుంది. చేసిన పని గురించే అడుగుతాను. ఆ వరస నా కంట పడేది పైన అనుభవం ఖాళీగా ఉన్నప్పుడు, లేదా మధ్యలో తెగిపోయినప్పుడు. మెకానికలో, సివిలో చదివి టెస్టింగ్‌లోకి వచ్చి అక్కడే ఆగిపోయినవాళ్ళకీ, పూర్తిగా వేరే రంగంనుంచి వచ్చినవాళ్ళకీ ఆ ఒక్క వరస నిజంగా పనిచేస్తుంది.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇంట్లో కూర్చుని చేసిన అసైన్‌మెంట్ ఎవరు చేసినట్టు? 2016లో జార్జియా టెక్‌లో అశోక్ గోయల్ అనే ప్రొఫెసర్ తన ఆన్‌లైన్ క్లాసులో జిల్ వాట్సన్ అనే టీచింగ్ అసిస్టెంటుని పెట్టారు. సెమిస్టర్ చివర్లో గానీ అది ఐబీఎమ్ వాట్సన్‌తో చేసిన ప్రోగ్రామని పిల్లలకి తెలియలేదు. అప్పుడు యంత్రం సందేహాలు తీర్చింది, ఇప్పుడు హోంవర్కు కూడా చేసిపెడుతోంది. అందుకని నేనైతే కాపలా ఉండి రాయించే పరీక్షలున్న డిగ్రీకే ఓటేస్తాను. అవి లేని డిగ్రీని నమ్మడం రానురాను కష్టమవుతుంది. డిగ్రీ ఉన్నవాళ్ళని కూడా "ఏదైనా ఒక ప్రాజెక్టులో ఎక్కడ చిక్కుకున్నావు?" అని అడిగితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుందనుకోండి.

ఇవన్నీ చెబుదామని మర్నాడు ఆదివారం ఆయనకి ఫోన్ చేశాను. స్పీకర్ మీద పెట్టారు. నేను లెక్కలన్నీ చెప్పడం పూర్తయ్యాక వంటింట్లోంచి వదినగారు, "మొత్తం ఎన్ని కోర్సులన్నారు?" అని అడిగారు. ఆవిడ అడిగింది ఆయన కోసం కాదని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

ఆవిడ బీటెక్ చేసి, హైదరాబాదులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, హెచ్-4 మీద వచ్చారు. ఆయన ఐ-140 అయ్యాక ఆవిడకి వర్క్ పర్మిట్ వచ్చింది. హెచ్-4 వాళ్ళకి ఆ వెసులుబాటు 2015 మే నుంచి ఉంది. ఈలోగా పిల్లలు. తొమ్మిదేళ్ళ ఖాళీ. పర్మిట్ వచ్చాక నూటయాభై అప్లికేషన్లు పెట్టారుట, ఒక్కళ్ళూ తిరిగి పిలవలేదు. ఆ ఇంట్లో నేను పదేళ్ళుగా భోంచేస్తున్నాను. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. బేస్‌మెంట్‌లో కూర్చునే మాకు ఎవరం చదవాలన్న ప్రశ్నే రాలేదు, ఏం చదవాలన్నదే మా గొడవంతా.

చదువుకోడానికి హెచ్-4 వాళ్ళు వీసా మార్చుకోనక్కర్లేదు. క్యాంపస్‌కి వెళ్ళి ఎఫ్-1 మీద చదివితే ఓపీటీ వస్తుంది నిజమే, కానీ గ్రీన్ కార్డు అప్లికేషన్ నడుస్తుండగా ఎఫ్-1కి మారడం లాయరుని అడక్కుండా చెయ్యకూడని పని. చేతిలో పర్మిట్ ఉన్నావిడకి ఓపీటీతో పని లేదు. ఆవిడకి లేనిది రెజ్యూమెలో ఈ మధ్యకాలపు వరస ఒకటి. ఎవరికైనా ఏడు వేల డాలర్లకి సరిగ్గా సరిపోయే తాళంచెవి ఉంటే అది ఈవిడకే.

అయితే తొమ్మిదేళ్ళ తర్వాత తిన్నగా మాస్టర్స్‌లోకి దూకొద్దన్నాను. జార్జియా టెక్‌లో చేరడం తేలికే. మొదటి ఏడాదిలో రెండు పునాది కోర్సులు బి గ్రేడుకి తగ్గకుండా పాసవ్వాలి, లేకపోతే ముందుకి పోనివ్వరు. అందుకని ముందు దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ ఒక్కటి తీసుకోమన్నాను. నచ్చకపోతే పోయేది కొన్ని వందల డాలర్లు, ఒక సెమిస్టరు. మా సీనియర్ వైపునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత "మరి శనివారాలు తెలుగు క్లాసుకీ, స్విమ్మింగుకీ ఎవరు తీసుకెళ్తారు?" అన్నారు. అడిగాక ఆయనే నవ్వారు.

ఏఐ పాఠాలు ఆయన మానలేదు. ఈత కొలను పక్కన కూర్చుని ఫోన్లో చూస్తున్నారు, ఉచితంగానే. అప్పుడప్పుడు సందేహాలు నాకు పంపిస్తారు, సగం నాకూ తెలియవు.

ఈ వ్యాసం వాళ్ళిద్దరికీ చూపించడానికి నిన్న రాత్రి ఫోన్ చేశాను. ఆయనే ఎత్తి, వదినగారు క్విజ్ రాస్తున్నారని, కాస్త మెల్లిగా మాట్లాడమని అన్నారు.