రెండాకుల చాటు



మాది జొన్నాడ. గౌతమి గోదావరికి ఈ ఒడ్డున మేము, ఎదుటి ఒడ్డున రావులపాలెం. మా పెరట్లోని కొబ్బరి, అరటి, జామ, నిమ్మ చెట్లకు వచ్చే పిట్టలకు లెక్కలేదు. జామపండుకు రామచిలుక వస్తుంది, మందారపువ్వుకు తేనెపిట్ట వస్తుంది, కాలువగట్టు తీగమీద లకుముకిపిట్ట వాలుతుంది. వాటిని ఫొటోలు తీయటం నాకు ఎంతోకాలంగా ఉన్న సరదా.

ఒక వేసవిలో నిమ్మకొమ్మకు తేనెపిట్ట గూడు కట్టింది. సాలెపట్టు, పీచు, ఎండుగడ్డి కలిపి అల్లిన చిన్న సంచి అది. దానికి పక్కన చిన్న గుమ్మం, లోపల రెండు పిల్లలు. ఫొటోకు రెండాకులు అడ్డం వస్తే కత్తెరతో తీసివేశాను. ఫొటో చక్కగా వచ్చింది. ఇంటికి వచ్చినవారందరికీ చూపించుకున్నాను.

మరునాడు ఉదయానికి గూడు చిరిగి వేలాడుతోంది. కాకి పని అని చూడగానే తెలిసింది. తల్లిపిట్ట నోట పురుగు పట్టుకుని కొమ్మకొమ్మకూ తిరుగుతోంది. నా కెమెరాకు అడ్డమైన ఆ రెండాకులే ఆ పిల్లలకు చాటు గదా!

తుపాకి పట్టినవాడే వేటగాడని నేను అనుకునేవాణ్ణి. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకు చెప్పిన అర్థంలో, పక్షుల గుడ్లను పాడుచేయటమే గాక, వాటి గుడ్లకు, గూళ్లకు కలత కలిగించటం కూడా చేరి ఉన్నది.

అయితే ఫొటోలు మానవలసిన పని లేదు. చెట్టునీడన మట్టిమూకుడులో నీళ్లు పెట్టి, కిటికీ లోపల కదలకుండా కూర్చోండి. పిట్టలే వస్తాయి. ఉదయపు ఏటవాలు ఎండలో రంగులు బాగా పడతాయి. ఫ్లాష్ వాడవద్దు. పిట్ట మేత మాని మీవైపే చూస్తూ అరుస్తున్నదంటే మీరు మరీ దగ్గరకు వెళ్లారని గ్రహించి, వెనక్కి రండి. గూడు కనిపిస్తే మాత్రం కెమెరా దించేయండి. అది ఉన్న చోటు పదిమందికీ చెప్పకండి.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. గోడకు తగిలించటానికి మనసు రాలేదు. ఈ ఏడు మళ్లీ నిమ్మచెట్టుకు గూడు పడింది. మా మనవడు కెమెరా పట్టుకుని పరుగున వచ్చాడు.

"తాతయ్యా, దగ్గరకు వెళ్లి తీద్దామా?"

"వద్దు నాన్నా, కిటికీలోనుంచి చూద్దాం రా" అన్నాను.